నేల కొంచెం, నీళ్లు మెండు

జూన్ 15, 2025, ఆదివారం, కర్నూలు

ఆగస్టులో క్విజ్ పోటీ. మా తొమ్మిదో తరగతికి ఈసారి ఆగ్నేయాసియా దేశాలు వచ్చాయి. పిల్లల దగ్గరున్న బిట్ బ్యాంకు ఇంటికి తెచ్చుకుని రాత్రి చదివాను. సింగపూర్‌కు అర పేజీ. రాజధాని సింగపూర్. కరెన్సీ సింగపూర్ డాలర్. మలేసియా నుంచి విడిపోయింది 1965 ఆగస్టు 9న. తొలి ప్రధాని లీ క్వాన్ యూ. అధికార భాషలు నాలుగు: మలయ్, మాండరిన్, తమిళం, ఇంగ్లిషు. జాతీయ పుష్పం వాండా మిస్ జోకిమ్ అనే ఆర్కిడ్. ఇప్పటి ప్రధాని లారెన్స్ వాంగ్, అధ్యక్షుడు థర్మన్ షణ్ముగరత్నం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పిల్లలు వారంలో కంఠస్థం చేస్తారు, పోటీ అయిపోయిన వారానికి మరిచిపోతారు.

సింగపూర్ పేరు వినని మనిషి మన జిల్లాల్లో లేడు. అమరావతి మాస్టర్ ప్లాన్ సింగపూర్ వాళ్లు గీసిచ్చిన రోజుల్లో టీ బంకుల్లో కూడా ఆ పేరే. 2019లో ఆ స్టార్టప్ ఏరియా ఒప్పందం రద్దయినా పేరు జనం నోట్లో నిలిచిపోయింది. శుక్రవారం క్లాసులో ఒక పిల్ల అడిగింది: "మేడమ్, సింగపూర్‌లో అన్నీ అద్దాల మేడలేనంట కదా? అట్లాంటివి మనకు ఎప్పుడు వస్తాయి?" ఆ పిల్ల కళ్లల్లో ఆశ చూసినాక బిట్లు చదివించి ఊరుకోవడానికి మనసొప్పలేదు. ఆ మేడలు ఎవరు కట్టారు, వాటిలో కుళాయిలకు నీళ్లు ఎక్కడ నుంచి వస్తాయి, ఈ రెండూ తెలిస్తే ఆ దేశం వీళ్లకు దగ్గరవుతుంది. ఈ నోటుబుక్కులో రాసుకుంటూ పోతాను.

జూన్ 19, గురువారం

ముందు సైజు. 1960ల్లో సింగపూర్ విస్తీర్ణం 580 చదరపు కిలోమీటర్ల చిల్లర. ఇప్పుడు 730 దాటింది. పెరిగినదంతా సముద్రాన్ని పూడ్చి సంపాదించుకున్న నేల. ఇసుక పొరుగు దేశాల నుంచి కొన్నారు. మలేసియా 1997లో, ఇండోనేసియా 2007లో ఇసుక ఎగుమతి ఆపేశాయి. నంద్యాల విడిపోకముందు మన ఉమ్మడి కర్నూలు జిల్లా 17,658 చదరపు కిలోమీటర్లు. అంటే మన ఒక్క జిల్లాలో ఇరవై నాలుగు సింగపూర్లు పడతాయి. 2011 లెక్కల్లో జిల్లా జనం 40 లక్షలు. అక్కడ ఇప్పుడు 60 లక్షలు. బోర్డు మీద ఈ అంకెలు రాస్తే పిల్లలు నమ్మలేదు. లెక్కల టీచరును పిలిచి భాగహారం చేయించాల్సి వచ్చింది.

ఇంకొకటి, ఏ బిట్ బ్యాంకులోనూ లేనిది. కడప 1800లో దత్త మండలాలతో పాటు ఈస్టిండియా కంపెనీ చేతిలో పడింది. సింగపూర్‌లో స్టామ్‌ఫర్డ్ రాఫెల్స్ 1819లో కంపెనీ జెండా పాతాడు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో దించేసి కర్నూలును కలిపేసుకున్నారు. కడపకు పంతొమ్మిదేళ్ల తర్వాత సింగపూర్, సింగపూర్‌కు ఇరవై ఏళ్ల తర్వాత కర్నూలు. మూడింటి మీదా పెత్తనం కలకత్తాలో కూచున్న గవర్నర్ జనరల్‌దే. 1867 ఏప్రిల్‌లో కలకత్తా నుంచి విడదీసి నేరుగా లండన్ కిందకు తీసుకునేదాకా సింగపూర్ కూడా ఆ లెక్కన మన దొరతనంలోని ఊరే. అప్పుడు అక్కడ పనిచేసిన చేతులు కూడా ఇక్కడివే.

జూన్ 29, ఆదివారం

ఆ చేతుల సంగతి. 1825 ఏప్రిల్ 18న సుమత్రాలోని బెంకూలెన్ నుంచి ఒక ఓడ సింగపూర్ చేరింది. అందులో ఎనభై మంది ఖైదీలు, అందరూ మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లే. వారం తిరక్కుండా బెంగాల్ ఖైదీలు నూరుమందికి పైగా దిగారు. అప్పటి నుంచి 1873 దాకా, దాదాపు యాభై ఏళ్లు, సింగపూర్ మన దేశం ఖైదీలను తోలే చోటు. అడవి నరికి రోడ్లు వేసింది, చిత్తడి నేల పూడ్చింది, వంతెనలు కట్టింది, ఇటుక కాల్చింది వాళ్లే. పులులు మనుషులను ఎత్తుకుపోతుంటే వేటకు పంపింది కూడా వాళ్లనే. నేటి అధ్యక్ష భవనం ఇస్తానా 1867–69 మధ్య వాళ్లు కట్టినదే. ఖైదీల మీద కాపలాకు ఖైదీలనే పెట్టేవారు. మంచి నడవడి ఉన్నవాణ్ని మేస్త్రీ చేసేవారు, కొన్నేళ్లకు ఊళ్లో విడిగా బతకనిచ్చేవారు. వాళ్లను ఏలిన అధికారి మెక్‌నేర్ 1899లో పుస్తకమే రాశాడు.

అందులో నన్ను ఆపేసినది సెయింట్ ఆండ్రూస్ చర్చి గోడల పూత. 1856 నుంచి 1861 దాకా కట్టారు. ఖర్చు తగ్గించడానికి లోపలి గోడలకు మద్రాసు సున్నం వాడారు. గుల్ల సున్నం, కోడిగుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి ముద్ద చేయడం, టెంకాయ పీచు నానబెట్టిన నీళ్లతో పలచన చేయడం, గోడకు పూసి ఆరినాక స్ఫటికపు రాయితోనో గుండ్రటి రాయితోనో రుద్దడం, నడుమ నడుమ బలపం రాయి పొడి చల్లడం. ఇంత వివరంగా రాసిపెట్టాడు. నగరం నడిబొడ్డున ఆ తెల్ల చర్చి ఈ రోజుకూ ఉంది.

పొద్దున పాతూళ్లో ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. బాగా వయసు మళ్లినాయన. మిద్దెలకు గచ్చు పని చేసిన చివరి తరం. ఈ వివరం చదివి వినిపించాను.

"అంతే మ్మా, అదే పని," అన్నాడు. "మాది గానుగ సున్నం. ఎద్దును కట్టి తిప్పుతాంటిమి. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోస్తాంటిమి. దొరల బంగళాలకైతే గుడ్డు సొన. అది పడితేనే మెరుపు. రాయితో రుద్దతా పోతే అద్దం మాదిరి మొగం కనపడాల."

"రుద్దడం ఎంతసేపు తాతా?"

"సేపు కాదు మ్మా, దినాలు. తేమ ఆరేలోపల చెయ్యి ఆపగూడదు. ఆపితే పగులుతాది."

ఆయన అరచేతులు చూపించాడు. బొటనవేళ్ల కింద చర్మం ఇంకా గట్టిగా, నున్నగా ఉంది. సున్నం తిన్న చేతులు. బలపం రాయి మన బేతంచెర్ల వైపు గనుల్లో దొరికేదే. రాయి ఇక్కడా ఉంది, విద్య ఇక్కడిది, చేతులకు సంకెళ్లు వేసి అక్కడికి తీసుకుపోయారు. అద్దాల మేడల గురించి అడిగిన ఆ పిల్లకు మొదట చెప్పాల్సింది ఇదే. సోమవారమే చెప్తాను.

జూలై 6, ఆదివారం. తొలి ఏకాదశి. పీర్ల పండుగ

రెండు పండుగలూ ఒకే రోజు వచ్చాయి. పొద్దున ఇంట్లో పేలాల పిండి, సాయంత్రం వీధిలో పీర్లు. అలాయి గుండం చుట్టూ ఎగిరినవాళ్లలో సగానికి పైగా హిందువుల పిల్లలే. మన సీమలో ఇది ఎవరికీ కొత్తగా తోచదు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి ఎన్ని కులాల వాళ్లు పోతారో లెక్కే లేదు.

నేను ఇది రాసుకోవడానికి కారణం వేరే. స్ట్రెయిట్స్ వలస ఊళ్లలో, అంటే పినాంగ్, మలక్కా, సింగపూర్‌లలో, మన సిపాయిలూ ఖైదీలూ మొహర్రం ఊరేగింపులు జరుపుకునేవారు. హిందూ ఖైదీలూ కలిసేవారు. తర్వాత దొరలకు భయం పట్టి కట్టడి చేశారు. పినాంగ్‌లో బోరియా అనే పాటల మేళం ఇప్పటికీ ఉంది. దాని పుట్టుక మొహర్రంలోనే. సింగపూర్‌లో 1827లో వెలిసిన మారియమ్మన్ గుడిలో ఏటా నిప్పుల గుండం తొక్కుతారు. ఎక్కడికి పోయినా మనిషి దేవుణ్ని వెంట తీసుకుపోతాడు. కాళ్లకు గొలుసులున్నవాడు కూడా తీసుకుపోగలిగాడే అని తలుచుకుంటే గొంతు పట్టుకున్నట్టయింది.

జూలై 12, శనివారం, ఉయ్యాలవాడ దగ్గర

రెండో శనివారం సెలవు. అత్తగారి ఊరు వచ్చాను. కోవెలకుంట్లలో బస్సు దిగితే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది? 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. తాతల నాటి పాలెగాళ్ల భరణం ఆపేసినందుకు, రైతుల ఇనాములు లాక్కున్నందుకు తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న ఇక్కడే జనం చూస్తుండగా ఉరి తీశారు. ఆయన వెంట నిలిచినవాళ్లను వందల సంఖ్యలో పట్టుకున్నారు. కొందరిని వదిలేశారు, 112 మందికి శిక్షలు వేశారు. వాళ్లలో కొందరికి ద్వీపాంతరం.

"అండమాన్‌కు తోలినారంట" అని మా అత్త అంటుంది. ఊళ్లో అందరూ అదే అంటారు. కానీ అండమాన్‌లో ఖైదీల వలస మొదలైంది 1858 మార్చిలో, సిపాయిల తిరుగుబాటు అణిచినాక. 1847లో మద్రాసు రేవు నుంచి ద్వీపాంతరం అంటే పినాంగ్, మలక్కా, సింగపూర్, బర్మా దిగువన తెనాసరిం. ఖైదీల ఓడలు పోయింది ఆ రేవులకే. అప్పట్లో జీవిత ఖైదీల నుదుట నేరం పేరు పచ్చబొట్టు పొడిచేవారు. 1849 దాకా ఆ దారుణం సాగింది.

మా అత్తకు ఇదంతా చెప్పాను. చాలాసేపు ఊరకే ఉంది. తర్వాత, "అయితే వాళ్ల పిల్లలు, మనవళ్లు ఆడ ఉండరా?" అంది. ఉంటారు. 1873లో సింగపూర్ ఖైదు మూసేసినప్పుడు శిక్ష మిగిలిన వాళ్లను అండమాన్‌కు మార్చారు. విడుదలైన వాళ్లలో చాలామంది అక్కడే బండిపనీ, పాల వ్యాపారమూ చేసుకుంటూ ఉండిపోయారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. వాళ్ల వంశాలు మలయ్, తమిళ కుటుంబాల్లో కలిసిపోయాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1847 నాటి శిక్షల జాబితాలు అక్కడ వెతకాలి. మన విశ్వవిద్యాలయాల్లో చరిత్ర పరిశోధన చేసే పిల్లలు ఎందరో ఉన్నారు. ఒక్కరు ఈ పని ఎత్తుకున్నా ఎంత బాగుండు! నరసింహారెడ్డి మీద పాటలున్నాయి, సినిమా వచ్చింది. ఆయన మాట విని ఇల్లు వదిలి, సముద్రం దాటించబడిన మామూలు మనుషుల పేర్లు కూడా మనకు కావాలి.

జూలై 20, ఆదివారం, కర్నూలు

చెల్లెలి కూతురు సింగపూర్ నుంచి ఫోన్ చేసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పుంగోల్‌లో ప్రభుత్వ ఫ్లాట్ అద్దెకు తీసుకున్నారు. ప్రతి పది మందిలో ఎనిమిది మంది అట్లాంటి ఇళ్లలోనే ఉంటారు. ఉగాదికి తెలుగు సమాజం వాళ్ల కార్యక్రమానికి పోయామని చెప్పింది. ఆ సమాజం 1975లో పుట్టింది, యాభై ఏళ్లు. అక్కడి బళ్లలో ఇంగ్లిషుతో పాటు ఇంకో భాష తప్పనిసరి. తమిళం ఉంది. తమిళం వద్దంటే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు లేదు. దాని కొడుకు హిందీ చదువుతున్నాడు. "ఇంట్లో తెలుగే మాట్లాడతాంలే పెద్దమ్మా" అంది గానీ, అవతల వాడు ఇంగ్లిషులో అరుస్తూనే ఉన్నాడు. బడిలో లేని భాష ఇంట్లో ఎన్నాళ్లు నిలుస్తుందని నాకు బెంగ. తెలుగు సంఘాలు పండుగలతో పాటు ఈ బడి విషయం గట్టిగా పట్టుకోవాలి.

మన ఉమ్మడి కడప జిల్లా రాజంపేట, రాయచోటి వైపు ఇంటికొకరు కువైట్. సింగపూర్‌కు పోయేవాళ్లు రెండు రకాలు: దానిలాగా కంప్యూటర్ల ముందు కూచునేవాళ్లు, ఓడల యార్డుల్లోనూ భవనాల మీదా పనిచేసేవాళ్లు. మా వీధి చివరింటి అబ్బాయి ఈ రెండో రకం. వెల్డరు. 2020 ఏప్రిల్‌లో కరోనా కార్మికుల డార్మిటరీల్లోనే ఎక్కువగా పాకింది. గదికి పది, పన్నెండు మంది. వాళ్లను నెలల తరబడి బయటకు రానివ్వలేదు. ఆ అబ్బాయి తల్లి రోజూ సాయంత్రం మా గేటు దగ్గరికి వచ్చి, "ఏమైనా చెప్పినారా మేడమ్ టీవీలో?" అని అడిగేది. ఈ ముఖం కూడా పిల్లలకు తెలియాలి. దేశం గొప్పదనం చెప్పేటప్పుడు కట్టినవాళ్ల గది ఎట్లా ఉందో దాచిపెట్టకూడదు.

ఫోన్ పెట్టేముందు అడిగాను: "మీ కుళాయిలో నీళ్లు ఎక్కడివే?"

"కుళాయి తిప్పి అట్లే తాగేస్తాం పెద్దమ్మా. ఎక్కడివో ఎప్పుడూ అనుకోలేదు. కనుక్కుంటా ఉండు."

జూలై 27, ఆదివారం, పోరుమామిళ్ల

శ్రావణం వచ్చేసింది. నాయనను చూసి పోదామని వచ్చి, సాయంత్రం చెరువు కట్ట మీదికి పోయాను. నీళ్లు అడుగున ఉన్నాయి. గొర్రెలు తిరుగుతున్నాయి.

ఈ చెరువు పేరు అనంతరాజ సాగరం. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో కట్టించాడు. కొండల మధ్య సందులను కట్టలతో కలిపి మాల్దేవి నీళ్లను ఆపారు. భైరవుడి గుడి ముందర రెండు రాతి పలకల మీద సంస్కృత శాసనం ఉంది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా సారు మమ్మల్ని తీసుకుపోయి దాని అర్థం చెప్పాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాలు: ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తీయటి నీళ్ల నది, ఇట్లా. ఆ తర్వాత ఆరు దోషాలు. కట్ట నుంచి నీరు ఊరడం. చవుడు నేల. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. చెరువు నడుమ నేల ఎత్తుగా ఉండడం. నీరు కొంచెమై పారాల్సిన నేల ఎక్కువ కావడం. నేల కొంచెమై నీరు ఎక్కువ కావడం.

కట్ట మీద నడుస్తూ ఇవి గుర్తు చేసుకుంటుంటే సింగపూర్ నీళ్ల కథ మొత్తం అందులో కనిపించింది. ఒకటి కాదు, రెండు దోషాలు దానివి.

ఆరోదే ముందు చూద్దాం. సింగపూర్‌లో ఏడాదికి 2,400 మిల్లీమీటర్ల వాన. మన కర్నూలు, కడపల్లో 650, 700 పడితే మంచి ఏడాది. అంత వానా సముద్రంలోకి జారిపోయేది, ఆపుకోవడానికి నేల లేక. 1963 ఏప్రిల్ నుంచి పది నెలలు కుళాయిలకు కోత పెట్టారు, వీధి కుళాయి దగ్గర బిందెలు వరుస కట్టాయి. మనకు ఏటా తెలిసిన బొమ్మే అది.

ఇక మూడోది, సరిహద్దు. ఆ దేశం తాగే నీళ్లు చాలావరకు జలసంధి అవతల మలేసియా జోహోర్ రాష్ట్రం నుంచి గొట్టాల్లో వచ్చేవి. 1942 జనవరి ఆఖరున జపాన్ సేనను ఆపుదామని బ్రిటిష్ వాళ్లే మధ్యలోని కాజ్‌వేను పేల్చేశారు. దానితో పాటు నీటి గొట్టమూ తెగింది. రెండు వారాలకు, ఫిబ్రవరి 15న, లొంగిపోయారు. ఊళ్లో నీళ్లు నిండుకోవడం ఆ లొంగుబాటుకు ఒక ముఖ్య కారణం. 1962 ఒప్పందం ప్రకారం జోహోర్ నది నుంచి రోజుకు 25 కోట్ల గ్యాలన్ల దాకా తోడుకోవచ్చు, వెయ్యి గ్యాలన్లకు మూడు సెన్‌లు, గడువు 2061. ధర పెంచాలని మలేసియా, కుదరదని సింగపూర్. కృష్ణా నీళ్ల మీద మన రాష్ట్రాలు తగువులాడుకుంటున్నట్టే రెండు దేశాలూ.

మన వాళ్లకు గ్యాలన్లు చెబితే ఎక్కదు, టీఎంసీల్లో చెప్పాలి. లెక్క కట్టాను. జోహోర్ నీళ్లు ఏడాదికి పద్నాలుగు, పదిహేను టీఎంసీలు. సింగపూర్ మొత్తం వాడకం, ఇళ్లూ ఫ్యాక్టరీలూ కలిపి, ఇరవై ఆరుకు లోపల. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ మన కర్నూలు–కడప (కె.సి.) కాలువకు రాసింది 39.9 టీఎంసీలు! ఆ మాట వినగానే నాయన మంచం మీద లేచి కూచున్నాడు. "ఒక దేశం అంతా కె.సి. కెనాలు కంటే తక్కువతో బతుకుతాందా?" అన్నాడు. అవును. అయితే వాళ్లు వరి పండించరు, బియ్యం కొనుక్కుంటారు. మనకు అన్నం పెట్టే రైతును ఆ లెక్క చూపించి తప్పు పట్టడం అన్యాయం. మన దోషం ఐదోది: నీరు కొంచెం, నేల ఎక్కువ. రోగం వేరైతే మందూ వేరు. 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఈ కాలువ తవ్వడం మొదలుపెట్టి సుంకేసుల నుంచి కడప దాకా లాగింది. అయినా 1876–78 కరువులో ఈ జిల్లాల్లోనే జనం ఎక్కువగా చచ్చిపోయారు. కాలువ ఉంటే చాలదు, కాలువలో నీళ్లు ఉండాలి.

వాళ్లు తమ దోషానికి చేసుకున్న వైద్యం మాత్రం నేర్చుకోదగ్గది. దేశంలో మూడింట రెండు వంతుల నేల మీద పడిన వాన, ఇంటికప్పుల మీదిదీ రోడ్ల మీదిదీ, కాలువలు పట్టి పదిహేడు రిజర్వాయర్లకు చేరుతుంది. వాన నీళ్లకు, మురుగుకు వేర్వేరు దారులు. ఒకటి ఇంకొకదాన్ని తాకదు. 2008లో నది సముద్రంలో కలిసేచోట మరీనా బ్యారేజీ వేసి ఉప్పునీటి కయ్యను మంచినీటి చెరువుగా మార్చారు. వాడేసిన నీళ్లను సన్నటి పొరల గుండా తోసి, అతినీలలోహిత కాంతి పట్టి, మళ్లీ శుద్ధ జలం చేస్తారు. దానికి వాళ్లు పెట్టిన పేరు న్యూవాటర్, సరఫరా 2003 నుంచి. ఎక్కువ భాగం చిప్‌లు చేసే ఫ్యాక్టరీలకు పోతుంది, ఎండ కాలంలో రిజర్వాయర్లలోనూ కలుపుతారు. సముద్రపు నీళ్లలో ఉప్పు తీసేది 2005 నుంచి. ఇంతా చేసి, 2061లో జోహోర్ గొట్టం ఆగినా నిలబడాలని ఇప్పటి నుంచే లెక్క వేసుకుంటున్నారు. భాస్కరుడి శాసనంలో నీటి శాస్త్రం తెలిసిన పండితుడు అని ఉందే, ఆ అంగాన్ని వాళ్లు ఎప్పుడూ వదల్లేదు.

ఆగస్టు 3, ఆదివారం, కర్నూలు

హంద్రీ వంతెన మీద ముక్కు మూసుకోకుండా నడవలేకపోయాను. ఊరి మురుగంతా అందులోకే. కొంచెం దిగువన తుంగభద్రలో కలుస్తుంది. 2009 అక్టోబరు 2న ఇదే హంద్రీ, తుంగభద్ర రెండూ ఊరి మీద పడితే మేడ మీద రెండు రాత్రులు గడిపాం. నీళ్లు లేకనూ ఏడ్చాం, నీళ్లు ముంచీ ఏడ్చాం.

సింగపూర్ నది కూడా 1970ల్లో ఇట్లాగే కంపు కొట్టేది. పందుల కొట్టాలు, బాతుల పెంపకం, వీధి తిండి బండ్లు, పడవల నూనె, అన్నీ అందులోకే. 1977లో లీ క్వాన్ యూ పదేళ్లు గడువు పెట్టాడు. 1987కు శుభ్రమైంది. వేల కుటుంబాలకు ఇళ్లు చూపించి తరలించారు, బండ్లవాళ్లకు కప్పు కింద కొట్లు కట్టించారు, పడవలను మరో చోటికి పంపారు. ఆ తరలింపులో బతుకుతెరువు పోయినవాళ్లూ ఉన్నారు. అది కూడా నిజమే. అయినా పదేళ్లు ఒకే పని మీద నిలిచారు. హంద్రీ కోసం మనం ఒక్క పదేళ్లు నిలవలేమా? నాకు దీని మీద ఆవేశం వస్తుంది. మురుగు కాలువను నదిలోకి విడవకుండా పక్కకు మళ్లించడం చంద్రుడి మీదికి పోవడం కాదు.

ఆగస్టు 7, గురువారం

ఎల్లుండికి సింగపూర్‌కు అరవై ఏళ్లు. ఈ రోజు చివరి రెండు పీరియడ్లు అడిగి తీసుకున్నాను. బిట్లు ముందు అప్పజెప్పించుకున్నాను, పోటీలో మార్కులు రావాలి కదా. తర్వాత మిగతాదంతా చెప్పాను. 2002 జాతీయ దినోత్సవం నాడు మైదానంలో వేల మంది ప్రధాని గో చోక్ టాంగ్‌తో కలిసి న్యూవాటర్ సీసాలు ఎత్తి తాగిన సంగతి చెప్పగానే వెనక బెంచీలో "ఛీ" అని ఒకడు. ముందు బెంచీ పిల్ల వెనక్కి తిరిగి, "మన హంద్రీ నీళ్లు కలిసిన తుంగభద్ర కింద ఊళ్లోళ్లు తాగడంలా? వాళ్లు కడిగి తాగుతాండారు," అంది. ఆ పిల్ల అద్దాల మేడల గురించి అడిగిన పిల్లే.

పాతూరి పెద్దాయన క్లాసుకు వచ్చాడు. సున్నం, బెల్లం, నున్నటి గుండ్రాయి తెచ్చాడు. చిన్న పలక మీద పూసి, రుద్ది చూపించాడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు రుద్దారు. బెల్ కొట్టినా లేవలేదు.

చివర్లో ప్రశ్నలు రాసివ్వమన్నాను. కొన్ని ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. ఖైదీల్లో ఆడవాళ్లు ఉన్నారా? (ఉన్నారు, తక్కువ మంది.) 2061లో జోహోర్ నీళ్లు ఆపేస్తే యుద్ధం వస్తుందా? మన బడి మిద్దె మీద పడే వాన ఎక్కడికి పోతోంది? ఈ చివరి ప్రశ్న రాసినవాడితో రేపు గొట్టాలు ఎక్కడున్నాయో చూపించి, మిద్దె పొడవు వెడల్పులు కొలిపించి, ఏడాదికి ఎన్ని లీటర్లో లెక్క కట్టించాలి. దసరా సెలవుల్లో అందరినీ పోరుమామిళ్లకు తీసుకుపోవాలి. బస్సుకు ఎంత అడుగుతారో డిపోలో కనుక్కోవాలి. నాయనకు ముందే చెప్పాలి, ఇంతమందికి మజ్జిగ కావాలి.